ముగ్గురికి సరిపడే కజాన్

"నా పొయ్యి దగ్గరికి రాకండి," అంది ఖోసియత్.

రాకు అనలేదు, రాకండి అంది. కోడలి మీద ముచ్చటగా ఉన్నన్నాళ్ళూ ఆవిడ నోట "పిల్లా", "నా తల్లీ" తప్ప రావు. కోపం తలకెక్కితే మాత్రం ఎక్కడలేని మర్యాద పుట్టుకొస్తుంది. మొన్న సాయంత్రం పుట్టిన మర్యాద ఇంకా తగ్గలేదు.

జుల్ఖుమార్ చాయ్ కెటిల్ పట్టుకుని వంటపాక గుమ్మంలోనే ఆగిపోయింది. చీకటితోనే లేచి వాకిలి ఊడ్చింది, నీళ్ళు చల్లింది, ద్రాక్షపందిరి కింది బల్లమంచం మీద పరుపులు దులిపి వేసింది. కోడలన్నది చెయ్యవలసినవన్నీ చేసింది. నీళ్ళు కాచడం ఒక్కటే మిగిలింది.

"చాయ్‌కి నీళ్ళు పెడదామని, అత్తయ్యా."

"దానికి నా పొయ్యే కావాలా? కొత్త సామాను తెచ్చుకున్నారుగా. దాని కింద రాజేసుకోండి."

ఆ కొత్త సామాను ఖుబానీ చెట్టు కింద గోనెపట్టా మీద బోర్లా పడి ఉంది. పోత ఇనుము కజాన్, పలావు వండే లోతైన మూకుడు. ఇంకా నిప్పు చూడలేదు, నూనె చూడలేదు. బూడిదరంగు ఒంటితో, ఏ పాపమూ ఎరగనట్టు పడి ఉంది. ఇంట్లో చిచ్చు పెట్టింది అదే.

కోకంద్‌లో ఈ మొహల్లా జనం అన్నదమ్ములు విడిపోతే ఇల్లు పంచుకున్నారనరు. "వాళ్ళ కజాన్ వేరైంది" అంటారు. పెద్దకొడుకులు ముగ్గురూ పెళ్ళిళ్ళయి ఒకరి తర్వాత ఒకరు బయటికి నడిచినప్పుడు ఖోసియత్ తానే బజారుకెళ్ళి, ఒక్కొక్కరికీ ఒక్కో కజాన్ కొని, పిడికెడు ఉప్పు వేసి చేతికిచ్చింది. పెద్దవాళ్ళు వెళ్ళడం ధర్మం. కడగొట్టువాడు వెళ్ళకూడదు. తల్లి ఇల్లూ వాడిదే, తల్లి పొయ్యీ వాడిదే, తల్లీ వాడిదే. అలాంటి కడగొట్టువాడు ఎల్యార్ పెళ్ళాం మొన్న బజారు నుంచి వ్యానులో ఒక బుల్లి కజాన్ దింపుకుంది. వీధి వీధంతా చూసింది.

ఇవన్నీ జుల్ఖుమార్ ఎరగనివి కావు. కానీ ఆమె నమంగాన్‌లో పెళ్ళిళ్ళకి పలావు వండే మనిషి కూతురు. పుట్టింట్లో గోడవారన కజాన్లు వరసగా ఉండేవి. నూరుమందికొకటి, చుట్టాలొస్తే ఒకటి, ఇంట్లోవాళ్ళకొకటి, పాలకొకటి. ఆ ఇంట్లో కొత్త కజాన్ వచ్చిందంటే కొత్త కజాన్ వచ్చిందనే అర్థం. ఆ అలవాటే ఇక్కడ కొంప ముంచింది.

"అత్తయ్యా, వందసార్లు చెప్పాను. అది మన ముగ్గురికీ కొన్నాను. మీకూ, ఆయనకీ, నాకూ."

"గొంతు పెంచకండి. నాకు చెవులు బాగానే ఉన్నాయి."

"మీరు వింటే కదా!"

"వింటున్నాను. చూస్తున్నాను కూడా. అంత చిన్న కజాన్ ఎవరు కొంటారో నాకు తెలియదా? ముగ్గురు కోడళ్ళని సాగనంపినదాన్ని."

అంతే. గరిటె తీసుకుని ఖోసియత్ అటు తిరిగిపోయింది. వెనకనుంచి చూస్తే ఆవిడ మెడ కూడా కోపంగానే కనిపించింది జుల్ఖుమార్‌కి.

ఎల్యార్ బూట్లు తొడుక్కుంటూ గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. తలుపులు, బీరువాలు చేసే కార్ఖానాలో పని అతనికి. అరచేతుల్లో ఎప్పుడూ రంపప్పొట్టు వాసన. జుల్ఖుమార్ అతని ముందుకొచ్చి నిలబడింది.

"ఒక్క మాట చెప్పి వెళ్ళండి."

"ఏం చెప్పమంటావు?"

"మనం వేరు కుంపటి పెట్టడానికి కొనలేదని. అన్నం మాడకుండా ఉండడానికి కొన్నామని."

"సాయంత్రం చెప్తాలే."

"మొన్నా ఇదే అన్నారు. నిన్నా ఇదే అన్నారు. మీ సాయంత్రం ఎప్పుడొస్తుందండీ?"

"ఇప్పుడు చెప్తే వింటుందా? కాస్త చల్లారనీ."

"చల్లారడం కాదు, గడ్డకడుతోంది. నేను మాట్లాడితే ఎదురుచెప్పినట్టు. మీరు మాట్లాడితే కొడుకు మాట. నోరు విప్పడానికి మీకేం అడ్డం?"

ఎల్యార్ రెండో బూటు తాడు కట్టాడు, విప్పాడు, మళ్ళీ కట్టాడు. బెల్లం కొట్టిన రాయి అంటే అతనే. పాపం, కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అనుకుని మూడేళ్ళుగా అతన్ని ఆమె సమాధానపరుచుకుంటూ వచ్చింది. ఈవేళ మాత్రం ఆ రాయిని ఎత్తి వీధిలోకి విసిరెయ్యాలనిపించింది.

"వస్తా," అని అతను లేచి వెళ్ళిపోయాడు.

కెటిల్ పక్కన పెట్టి ఆమె కజాన్ దగ్గర చతికిలబడింది. చూసినకొద్దీ ఉక్రోషం వచ్చింది. ఎంత చూసి, ఎంత పరీక్ష పెట్టి కొంది!

ఆ రోజు పొద్దున్న ఎల్యారే, ఆమె నోరు తెరిచి అడక్కుండానే, డబ్బు చేతిలో పెట్టాడు. "పెద్దదానితో అవస్థ పడుతున్నావుగా. మనకి సరిపడేది ఒకటి, మంచిది చూసి కొనుక్కో" అన్నాడు. తన అవస్థ మొగుడి కంటపడిందని జుల్ఖుమార్ పొంగిపోయింది. బజారుదాకా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ అవస్థ కూడా తక్కువదేం కాదు. ఇంట్లో ఉన్న కజాన్ ముప్పైమందికి వండేది. అందులో ముగ్గురికి బియ్యం పోస్తే అడుగున పలచగా పరుచుకుంటాయి. ఆవిరి నిలవదు. క్యారెట్ ముక్క మగ్గేలోపే ఉల్లిపాయ నల్లబడుతుంది, పైన మెతుకు పలుకు, కింద మెతుకు బొగ్గు. మంట తగ్గిస్తే ఉడకదు, పెంచితే మాడుతుంది. అప్పుడు అత్తగారు గిన్నెలోకి చూసి, "చెయ్యి మంచిది కాదు" అని నిట్టూర్చేది. పలావు వండే మనిషి కూతురికి చెయ్యి మంచిది కాదా! ఆ మాట మూడేళ్ళపాటు మింగింది.

బజారులో పాత్రల వరసలో మొదటి దుకాణంవాడు సత్తు కజాన్ చూపించాడు. "తేలిక చెల్లెమ్మా, చెయ్యి నొప్పెట్టదు."

"తేలికైనవి తొందరగా మాడతాయి, అన్నా."

రెండోవాడు నల్లగా నిగనిగలాడేది ముందు పెట్టాడు. ఆమె గోటితో గీరితే రంగు ఊడొచ్చింది. రంగు కింద ఏ లోపం దాచారో ఎవరికి తెలుసు! మూడోవాడి దగ్గర రంగు పుయ్యని బూడిదరంగువి దొరికాయి. ఒక్కొక్కటీ ఎత్తి వేలి కణుపుతో కొట్టింది. గంటలా మోగినవి పక్కన పెట్టించింది, బొంగురుపోయినవి వెనక్కి తోసింది. పగులున్నది మోగదు. ఆ తర్వాత ఎండకి ఎత్తి లోపల కన్ను పెట్టి చూసింది, సూదిమొనంత వెలుగు కనిపించినా వద్దంది. నీళ్ళు పోయించి, అడుగు చెమ్మగిల్లుతుందేమోనని అరచెయ్యి ఆనించింది. అడుగు మందంగా, అంచు సన్నబడుతూ పోయిందా లేదా అని చుట్టూ వేళ్ళతో తడిమింది.

"అమ్మా, నువ్వు కొనడానికొచ్చావా, పెళ్ళిచూపులకొచ్చావా?" అన్నాడు దుకాణంవాడు. పక్కవాళ్ళు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఆఖరికి ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని, ముగ్గురి బియ్యం, ముగ్గురి మాంసం, క్యారెట్లు వేస్తే ఎక్కడిదాకా వస్తుందో పిడికిళ్ళతో కొలిచింది. మూడొంతుల్లో రెండొంతులు. సరిగ్గా అంతే రావాలి. దానికి తగ్గ చెక్కమూత, పొడుగు కాడ చిల్లుల గరిటె కూడా తీసుకుంది.

ఇంటికొచ్చి కొత్త కజాన్‌ని ఉప్పుతో వేయించి, కొవ్వు పట్టించి, నల్లగా పండించి మొదటి పలావు అత్తగారి ముందు పెట్టాలనుకుంది. "ఇప్పుడు చూడండి నా చెయ్యి" అనాలనుకుంది. వీధి గుమ్మం దగ్గర ఖోసియత్ దాన్నొకసారి చూసి, "అయితే అంతదాకా వచ్చిందన్నమాట" అని లోపలికి వెళ్ళిపోయింది. అక్కణ్ణుంచీ మీరు, మీకు, మీది.

"ముబారక్! కొత్త కజాన్ ముబారక్!"

వీధి తలుపు తోసుకుని అదాలత్ ఖాలా వచ్చింది. పక్కింటి ఆవిడ. చేతిలో గుడ్డ మూట. అందులో రెండు వేడి నాన్‌లు, వాటి మీద కలకండ పలుకు. వేరుపడ్డ ఇంటికి ఇరుగుపొరుగు తెచ్చే కానుక. పిలవని పేరంటానికి అదాలత్ ఖాలా ఎప్పుడూ ముందే.

జుల్ఖుమార్ గబుక్కున లేచి కజాన్‌కి అడ్డంగా నిలబడింది. ఖోసియత్ మాత్రం తలగుడ్డ సర్దుకుంటూ వంటపాకలోంచి బయటికొచ్చి, "రా అదాలత్, కూర్చో" అంది. వడ్డనకి దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచింది. తన చేత్తోనే చాయ్ పోసింది. పియాలా అంచుదాకా పోసింది. ఆదరం ఉన్నచోట సగమే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పొయ్యడానికి. అంచుదాకా పోస్తే తాగేసి బయల్దేరమని. అదాలత్ ఖాలాకి అది తెలుసు. తెలిసీ తాపీగా కూర్చుంది.

"పొయ్యి ఎక్కడ కడుతున్నారు? ఆ గోడవారనా, ఈ మూలనా? గోడవారన వద్దు ఖోసియత్ అక్కా, మా వైపు పొగ వస్తుంది."

"పొయ్యి ఎక్కడా కట్టడం లేదు ఖాలా," అంది జుల్ఖుమార్ గబగబా. "మేం వేరవడం లేదు. ఇంట్లో వాడుకోవడానికే కొన్నాను, ముగ్గురికీ."

అదాలత్ ఖాలా మెడ చాచి ఖుబానీ చెట్టు కిందకి చూసింది. "ముగ్గురికా? ఆ చిన్నదాంట్లోనా?"

"నలుగురైనా తినొచ్చు."

"తినొచ్చులే. మరి మాకు గురువారం గురువారం వచ్చే గిన్నె? ఆ చివరింటి ముసలాయనకి వెళ్ళేది? బడి పంతులుగారికి వెళ్ళేది? అవన్నీ దాంట్లోంచే వస్తాయా, నా తల్లీ?"

గురువారం అత్తగారు వండుతుంది, పెద్ద కజాన్ నిండా. మిగతా ఆరు రోజులూ కోడలు వండుతుంది, అడుగున పరుచుకునేంత. ఈ తేడా ఇప్పుడు ఈవిడకెలా వివరించడం?

"నీ నాన్‌లు తిరిగి తీసుకెళ్ళు అదాలత్," అంది ఖోసియత్. గొంతు నున్నగా ఉంది. "ఇంకా వేరవలేదు. వేరయ్యాక నేనే కబురు పెడతాను. అప్పుడు తీసుకురా."

"అయ్యో, నేను ఊరికే..."

"చాయ్ చల్లారిపోతోంది."

అదాలత్ ఖాలా మూట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఇక సందేహం లేదు. గోరంత కజాన్ మధ్యాహ్నానికి కొండంత అవుతుంది.

తలుపు పడగానే ఖోసియత్ ఫోన్ తీసింది. పెద్దకొడుకు మవ్లాన్ రెండు వీధుల అవతల ఉంటాడు.

"మవ్లాన్, సాయంత్రం రా. చిన్నాడి కజాన్ వేరు చెయ్యాలి... అవును. నువ్వు పెద్దవాడివి, నువ్వు ఉండాలి... నేను ఏడవడం లేదు. రా."

"అత్తయ్యా!" జుల్ఖుమార్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఆ కజాన్ తిరిగి ఇచ్చేస్తాను. ఇప్పుడే వెళ్ళి ఇచ్చేస్తాను."

"వీధంతా చూశాక ఇప్పుడు తిరిగిచ్చి ఏం లాభం? అత్త గోల పెడితే కోడలు భయపడి వాపసు ఇచ్చిందంటారు. అప్పుడు నేను గయ్యాళిని. వద్దు. మీకు వెళ్ళాలనుంది, మర్యాదగా వెళ్ళండి. ఉప్పు నేనే వేసి ఇస్తాను."

"నాకు వెళ్ళాలని లేదు!"

"చెయ్యి వదలండి. బియ్యం కడగాలి."

ఇల్లు విడగొట్టిన కడగొట్టు కోడలు. ఇక ఆ పేరు సాయంత్రానికి ఖాయమవుతుంది, ఆదివారానికి నమంగాన్ చేరుతుంది. అది ఒక బాధ. కానీ అసలు బాధ అది కాదు. ఆమెకి ఈ ఇంట్లో ఉండాలనుంది. ఈ పందిరి కింద, పొద్దున్నే ఆవిడ గొణుగుడు వింటూ, ఆవిడ తల దువ్వుతూ ఉండాలనుంది. ఆవిడంటే ఇష్టం. ఆ ముక్క ఎలా చెప్తే ఆవిడ నమ్ముతుందో తెలియక ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మధ్యాహ్నం ఖోసియత్ పెద్ద కజాన్ కింద నిప్పు రాజేసింది. ఈవేళ గురువారం కాదు. అయినా నిండా వండింది. గొర్రె తోక కొవ్వు కరిగింది, మాంసం ఎర్రబడింది, క్యారెట్ కుప్పలు కుప్పలుగా పడింది. బియ్యం పోసి, మూత పెట్టి, చుట్టూ గుడ్డ చుట్టి, ఆవిడ పీట మీద కూర్చుంది. వాసన వీధిలోకి పోయింది. తలుపు దగ్గరే నిలబడ్డ జుల్ఖుమార్‌కి ఒప్పుకోక తప్పలేదు. పలావంటే అది.

మూత తీశాక ఖోసియత్ గరిటె అడుగుదాకా దించి, తిరగేసి చూపించింది.

"చూడండి. మాడిందా?"

"మాడలేదు, అత్తయ్యా."

"ఎర్రగా ఉందా లేదా?"

"ఉంది."

"మరి కజాన్‌ది తప్పా, చేతిది తప్పా?"

"నిండా వండితే మాడదు. ఆ సంగతి నాకూ తెలుసు. కజాన్ బంగారం లాంటిది, నేను దాన్ని ఏమీ అనడం లేదు."

"అయితే మీరూ నిండా వండండి. ఎవరు వద్దన్నారు? బియ్యం దాచిపెట్టానా?"

"రోజూ నిండా వండితే తినేవాళ్ళేరీ?"

అంది. అనేశాక నాలుక కరుచుకుంది. ఖోసియత్ గరిటె గట్టున పెట్టింది.

"అదే నువ్వు చేసింది," అంది. మర్యాద ఎక్కడ జారిపోయిందో ఆవిడకే తెలియలేదు. "నా ఇంట్లో ఎన్ని నోళ్ళు మిగిలాయో లెక్కపెట్టావు. లెక్కపెట్టి, ఆ కొలతకి కజాన్ కొన్నావు. మా అత్తగారు ఇది నాకు అప్పజెప్పేటప్పటికి ఈ ఇంట్లో పంతొమ్మిదిమంది. తర్వాత నా నలుగురు, వాళ్ళ స్నేహితులు, కోడళ్ళు, పిల్లలు. ఒక్కొక్కరే వెళ్ళారు. నేను ఒక్కనాడైనా లెక్కపెట్టానా? పెట్టలేదు. నిండా వండాను, వీధికి పంచాను. వీధి తిన్నంతకాలం నా ఇల్లు నిండుగానే ఉంది. నువ్వొచ్చి ముగ్గురం అన్నావు."

"అత్తయ్యా, నేను అలా..."

"ముగ్గురం అన్నావు. అది అబద్ధం కూడా కాదు, అదే నాకు మంట."

జుల్ఖుమార్ ఏడ్చేసింది. తను పిడికిళ్ళతో కొలిచింది బియ్యమే, ఒట్టేసి చెప్తుంది, బియ్యమే. కానీ ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? ఇంత పరీక్ష పెట్టి కొన్నదానికి ఈ ఒక్క పరీక్షా పెట్టలేకపోయిందే! తన మీద తనకే కోపం వచ్చింది. వెంటనే ఆవిడ మీదా వచ్చింది. మనసులో ఇంత పెట్టుకుని మూడేళ్ళూ "చెయ్యి మంచిది కాదు" అనడమెందుకు? ఈ మాటే మొదటిరోజు చెప్పి ఉంటే తను చచ్చినా బజారుకి వెళ్ళేది కాదు కదా!

మవ్లాన్ పొద్దు వాలకముందే వచ్చాడు. కూరగాయల లారీ నడిపే భారీ మనిషి. గొడవలంటే గిట్టవు. రాగానే తల్లి చేతులు కళ్ళకద్దుకున్నాడు. నేరుగా ఖుబానీ చెట్టు కిందకి వెళ్ళి కజాన్‌ని వెల్లకిలా తిప్పి, వేలితో టంగుమనిపించాడు.

"అబ్బ! ఎవరు చూసి కొన్నారిది?"

"నేనే, బావగారూ."

"మంచి కజాన్. నా మనవలదాకా ఉంటుంది."

"అదే కదా," అంది ఖోసియత్ బల్లమంచం మీంచి. "ఏదో ఒకటి వాడుకలోకి కావాలంటే ఇంత చూసి కొంటారా? ఇలాంటిది సంసారం పెట్టేవాళ్ళే కొంటారు."

మంచిది కొన్నా తప్పే. చెత్తది కొని ఉంటే డబ్బు పారేసిందనేవారు. జుల్ఖుమార్‌కి నవ్వొచ్చినంత పనైంది, నవ్వలేదు.

ఎల్యార్ పని నుంచి వచ్చాడు. నలుగురూ పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చున్నారు. పలావు అద్భుతంగా ఉంది. మవ్లాన్ ఒక్కడే తిన్నాడు, మిగతావాళ్ళు మెతుకులు కెలికారు. చేతులు కడుక్కుని, పెద్దల్ని తలుచుకుని ప్రార్థన చేసుకున్నాక మవ్లాన్ గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా జుల్ఖుమార్, నేను తీర్పు చెప్పడానికి రాలేదు. ఒకటే అడుగుతున్నా. వేరు వెళ్తామని నువ్వు ఎప్పుడైనా అన్నావా?"

"లేదు, బావగారూ."

"అనుకున్నావా?"

"ఒక్కసారి కూడా లేదు. అన్నం మాడుతోందని కొన్నాను. అంతకుమించి ఏమన్నా ఉంటే ఈ తిన్న ఉప్పు మీద ఒట్టు."

మవ్లాన్ తల్లివైపు తిరిగాడు. "అమ్మా, ఒట్టు పెట్టుకుంది. ఇంకేం కావాలి నీకు?"

ఖోసియత్ కోడలి ముఖంలోకి చూసింది. మొన్నటి నుంచి అలా తిన్నగా చూడడం అదే. మెత్తబడుతోందని జుల్ఖుమార్‌కి ఎక్కడో ఆశ కలిగింది.

"వాణ్ణి కూడా చెప్పమను," అంది ఖోసియత్. "మొన్నటినుంచి వాడి నోట ఒక్క ముక్క రాలేదు."

"చెప్పరా ఎల్యార్."

ఎల్యార్ దస్తర్‌ఖాన్ అంచు మడతపెడుతున్నాడు. "కజాన్ నేనే కొనమన్నాను," అన్నాడు.

హమ్మయ్య, అనుకుంది జుల్ఖుమార్. మూడు రోజులకి ఆ రాయి పలికింది. తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు. మంచివాడు, కాస్త ఆలస్యం, అంతే.

"ఫర్గానాలో ఇల్లు చూశాను," అన్నాడు ఎల్యార్. "రెండు గదులు. అక్కడ పెద్ద కార్ఖానాలో పని ఇస్తామన్నారు. వచ్చే నెల నుంచి రమ్మన్నారు."

మవ్లాన్ చేతిలో పియాలా కింద పెట్టేశాడు.

"ఏ ఇల్లు?" అంది జుల్ఖుమార్.

"అడ్వాన్స్ ఇచ్చేశాను."

"ఏ ఇల్లండీ? నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు అమ్మకి చెప్పేస్తావని."

"మరి మీరే అమ్మకి చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను?" ఎల్యార్ మొదటిసారి తలెత్తాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. "నోరు రాలేదు. ఇంట్లోకి కొత్త కజాన్ వస్తే అమ్మే అర్థం చేసుకుంటుందనుకున్నా. అన్నయ్యల్ని తనే పంపింది కదా. నన్ను కూడా తనే పొమ్మంటుందనుకున్నా."

"అంటే తప్పు నా మెడకి చుట్టి, పొమ్మనే మాట ఆవిడ నోట రప్పించి, మీరు మాత్రం మంచి కొడుకుగా వెళ్ళిపోదామనా?"

ఎల్యార్ మడతపెట్టిన అంచుని మళ్ళీ విప్పాడు. "మనకి సరిపడేది" అని అతను అన్నప్పుడు ఆ మనలో అత్తగారు లేదని జుల్ఖుమార్‌కెలా తెలుస్తుంది! ఖోసియత్ ఆ కజాన్‌ని మొదటిచూపులోనే సరిగ్గా చదివింది. పొరబడింది ఆ ఆలోచన ఎవరిదన్న దగ్గర మాత్రమే.

"నాకు ముప్పయ్యేళ్ళు, అన్నయ్యా," అన్నాడు ఎల్యార్. "ఇక్కడ ఏ తలుపు చేసినా వీడు ఫలానావాళ్ళ చిన్నాడంటారు. కడుపున చివర పుట్టడం నేను చేసిన తప్పా?"

మవ్లాన్ గడ్డం రుద్దుకున్నాడు. తమ్ముణ్ణి తిట్టడానికి అతనికి నోరు రాలేదు. తను వేరు వెళ్ళినప్పుడు కజాన్ చేతికిచ్చి మరీ పంపారు. "నువ్వేమంటావమ్మా?" అన్నాడు మరదలితో.

జుల్ఖుమార్ ఎల్యార్‌వైపు తిరిగి కూర్చుంది.

"నేను వెళ్ళను."

"ఏంటీ?" అన్నాడు ఎల్యార్.

"మీరు వెళ్ళండి. ఇల్లు చూసినవాళ్ళు మీరు, అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళు మీరు. నన్ను అడిగి చేశారా? నేను ఇక్కడే ఉంటాను, అత్తయ్య దగ్గర. రోజూ నిండా వండుతాను. వీధంతా తింటుంది."

చెప్పి ఆమె ఖోసియత్‌వైపు చూసింది. ఆవిడ దగ్గరికి తీసుకుంటుందని కాకపోయినా, ఒక్క మాట అంటుందని చూసింది.

ఖోసియత్ ఎంగిలి పియాలాలు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. వాటిని రెండుసార్లు సర్దింది.

"కొడుకు లేని ఇంట్లో కోడలికేం పని?" అంది. "కొడుకుని తరిమి కోడల్ని అట్టేపెట్టుకుందంటారు నన్ను. అక్కడ వాడికి వండిపెట్టేదెవరు? వాడికి చాయ్ కాచుకోవడం కూడా రాదు. లే. బట్టలు సర్దుకో."

"అత్తయ్యా..."

"వాడి మీద కోపం ఉంటే అక్కడికెళ్ళి పోట్లాడుకో. లే పిల్లా."

"సర్దుకోను," అంది జుల్ఖుమార్.

మూడేళ్ళలో అత్తగారి మాట కాదనడం అదే మొదలు. కాదన్నది కూడా ఆవిడ దగ్గర ఉండిపోవడానికే. ఆ సంగతి ఆవిడకి అర్థమైందో లేదో ముఖం చూస్తే తెలియలేదు. ఖోసియత్ పియాలాలు దించి, చేతులు తుడుచుకుంది.

"మవ్లాన్, నమంగాన్‌కి ఫోన్ చెయ్యి," అంది. "రేపు దీని నాన్నని రమ్మను. నా మాట విననిది ఆయన మాటైనా వింటుందేమో."